ప్రేమికుల రోజుకి ఇంట్లో వాడుకునే గిఫ్ట్ ఎలా ఎంచుకోవాలి

ఫిబ్రవరి 7న రోజ్ డేతో మొదలై 14 దాకా షాపుల నిండా ఎరుపే. గుండె ఆకారం దిండ్లు, టెడ్డీలు, ఫొటో వేసిన కాఫీ మగ్గులు, బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ గులాబీలు. మార్చి వచ్చేసరికి వీటిలో సగం బీరువా పైకెక్కుతాయి. మగ్గు పెన్నులకి సెటిలవుతుంది. ఇచ్చినవాళ్ల ప్రేమకేం కొదవ లేదు, ఆ వస్తువులకి ఇంట్లో పని లేదు, అంతే.

రోజూ చేతికి తగిలేది, ఒంటికో కంటికో కాస్త హాయిగా ఉండేది ఇద్దామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్తగా ప్రేమలో పడ్డవాళ్లకే కాదు, పెళ్లయి పదిహేనేళ్లయి "మనకెందుకులే ఇవన్నీ" అనేవాళ్లకి కూడా. నన్నడిగితే ఆ రెండో రకం వాళ్లకే దీని అవసరం ఎక్కువ.

1. వస్తువు సంగతి తర్వాత, ముందు ఆ అరగంట పట్టుకోండి

ఎంత పనిలో ఉన్నవాళ్లకైనా రోజులో తమకంటూ ఒక అరగంట ఉంటుంది. కొందరికి అది పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందు, కాఫీ గ్లాసుతో బాల్కనీలో. కొందరికి రాత్రి గిన్నెలు సర్దేసి, పిల్లలు పడుకున్నాక, మంచం అంచున. ఆఫీసు నుంచి వచ్చి షూ విప్పకుండానే సోఫాలో కూలబడే పది నిమిషాలు కొందరికి. మీరు కొనే గిఫ్ట్ ఆ టైముకి సంబంధించినదై ఉంటే చాలు, సగం ఎంపిక అయిపోయినట్టే.

జనవరి చివర్లోనే రెండు మూడు రోజులు గమనించండి. ఎక్కడ కూర్చుంటున్నారు, వీపు వెనక ఏం పెట్టుకుంటున్నారు? చున్నీ ఉండచుట్టి మెడ కింద పెట్టుకుంటుంటే అక్కడొక చిన్న గుండ్రటి దిండు కావాలన్నమాట. ట్యూబ్‌లైటు కంట్లో కొడుతోందని మోచెయ్యి అడ్డం పెట్టుకుని పడుకుంటుంటే అది లైటు సమస్య. ఏసీ వేశాక కాళ్లు కడుపులోకి ముడుచుకుంటుంటే దుప్పటి. గచ్చు చల్లగా ఉందని మంచం దిగగానే మునివేళ్ల మీద నడుస్తుంటే మంచం పక్కన పరిచే జంపఖానా.

"నీకేం కావాలి?" అని మాత్రం అడక్కండి. "ఏం వద్దు" అనే వస్తుంది జవాబు, మన ఇళ్లలో అది మర్యాద. దానికి బదులు "ఈ గదిలో నీకు చిరాకు పుట్టించేది ఏది?" అని మాటల్లో పెట్టి అడగండి. దానికి వెంటనే జవాబొస్తుంది, ఒక్కోసారి మీరు కోరుకున్నదానికంటే ఎక్కువే వస్తుంది.

మిక్సీ, కుక్కర్, వాక్యూమ్ క్లీనర్ లాంటివి కొనాల్సి వస్తే కొనండి, కానీ నెల సరుకుల ఖాతాలో కొనండి. ఫిబ్రవరి 14న వాటికి రిబ్బన్ కట్టి ఇస్తే "ఇంకాస్త పని చెయ్యి" అన్నట్టుంటుంది. వంట సరదాగా చేసే మనిషి, తనంతట తాను ఇనప దోశ పెనం కావాలని ఆరు నెలలుగా అంటుంటే అది వేరే సంగతి.

2. వాతావరణం చూసుకుని కొనండి

ఇంటర్నెట్‌లో వెతికితే ఈ రోజుకి బొచ్చు దుప్పట్లు, ఉన్ని సాక్సులు, వేడి నీళ్ల సంచులు చూపిస్తారు. అవి ఫిబ్రవరిలో మంచు కురిసే దేశాలకి. మనకి శివరాత్రికి చలి శివశివా అని పోతుంది. ఫిబ్రవరి నడిమికి హైదరాబాద్‌లో పగలు 30 డిగ్రీలు దాటుతుంది, విజయవాడలో ఫ్యాను లేకుండా కూర్చోలేం. 14న ఇచ్చిన లావుపాటి రగ్గు మహా అయితే రెండు వారాలు వాడి అటకెక్కిస్తారు, మళ్లీ డిసెంబర్ దాకా దాని మొహం చూడరు. ఆదిలాబాద్, అరకు, లంబసింగి వైపు ఉండేవాళ్లకి, అమెరికా, కెనడా, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకి ఈ మాట వర్తించదు. మిగిలినవాళ్లకి హాయి అంటే వెచ్చదనం కన్నా మెత్తదనం, గాలి ఆడటం. నూలు, పలచన, ఉతికేకొద్దీ మెత్తబడేది. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే షాపులో చాలా అరలు చూడకుండానే దాటేయొచ్చు.

కొవ్వొత్తుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సువాసన కొవ్వొత్తులు చూడ్డానికి బాగుంటాయి. ఫ్యాను తిరిగే గదిలో నిలవవు. ఫ్యాను ఆపితే మనుషులు నిలవరు. ఇంట్లో చంటిబిడ్డో, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లో ఉంటే అసలే వద్దు. వాటి మీద పెట్టే డబ్బు లైటు మీద పెట్టండి, ఎలాగో కింద చెబుతాను.

3. దుప్పటి కొంటే టేపుతో మొదలుపెట్టండి

దుప్పటి గిఫ్ట్‌గా ఇస్తే చాలామంది రంగు చూస్తారు, కొలత చూడరు. తీరా పరిస్తే నాలుగు వైపులా పైకి లేచిపోతుంది. ఎవరూ లేనప్పుడు పరుపు వెడల్పు, పొడవు, మందం టేపుతో కొలవండి. కింగ్ సైజు పరుపు సాధారణంగా 78 × 72 అంగుళాలు, క్వీన్ 78 × 60. పరుపు మందం 8 అంగుళాలు అనుకుందాం. 72కి రెండు వైపులా ఎనిమిదేసి కలిపితే 88. కిందకి దోపడానికి ఆరేసి అంగుళాలు కలుపుకుంటే 100. అంటే కింగ్ పరుపుకి 108 × 108 ఉన్న దుప్పటి హాయిగా సరిపోతుంది, 90 × 108 అయితే అటూ ఇటూ లాక్కోవాల్సిందే. ఉతికితే నూలు కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి కొలత బొటాబొటిగా ఉన్నది తీసుకోకండి.

థ్రెడ్ కౌంట్ (చదరపు అంగుళంలో ఉండే పోగుల లెక్క) అని వెయ్యి, పదిహేను వందలు వేసి అమ్మేవాటి మాయలో పడొద్దు. ఒక్క పోగులో రెండు మూడు సన్న పోగులు పేనితే వాటినన్నిటినీ విడివిడిగా లెక్కేసి అంకె పెంచేస్తారు. 200 నుంచి 400 మధ్య ఉన్న అసలైన నూలు దుప్పటి మన వాతావరణానికి చాలు. అంతకన్నా చేత్తో తాకి, వెలుతురుకి ఎత్తి పట్టి చూడటం నయం.

మన చేనేతలో దుప్పటికి ముందు గుర్తొచ్చేది పోచంపల్లి. యాదాద్రి భువనగిరి జిల్లా భూదాన్ పోచంపల్లి, 1951లో వినోబా భావేకి మొదటి భూదానం జరిగిన ఊరు, 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరు. అక్కడ నేశాక రంగు వెయ్యరు. నూలు పోగుల్ని కట్టలు కట్టి, అక్కడక్కడ ముడులేసి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం మీదకి ఎక్కిస్తారు, ఈ పద్ధతినే ఇకత్ అంటారు. అందుకే డిజైన్ అంచులు గీత గీసినట్టు ఉండవు, కొంచెం చెదిరినట్టుంటాయి. నకిలీని పట్టడానికీ ఇదే ఆనవాలు. దుప్పటి తిరగేసి చూడండి. అసలుది రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. ప్రింట్ వేసినదైతే వెనక వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, పూల అంచులు మరీ నున్నగా ఉంటాయి. అలాంటిది వద్దని కాదు, కానీ చేనేత ధరకి కొనొద్దు. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉందేమో కూడా చూడండి.

రంగు దిగుతుందా లేదా చూడ్డానికి తెల్ల గుడ్డ తడిపి ఓ మూల గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. షాపువాళ్లు ఏమీ అనుకోరు. ముదురు ఎరుపు, నీలం అయితే మొదటి రెండు ఉతుకులు విడిగా చన్నీళ్లలో వెయ్యమని చిన్న చీటీ రాసి లోపల పెట్టండి.

మంచం పక్కన నేల మీదకి అయితే వరంగల్ కొత్తవాడ నూలు జంపఖానాలు ఉన్నాయి, 2018లో వాటికి జీఐ (భౌగోళిక సూచిక), అంటే ఫలానా చోటి సరుకే అనే అధికారిక గుర్తింపు వచ్చింది. చిన్న సైజువి తీసుకుంటే వాషింగ్ మెషీన్‌లో కూడా పడతాయి. గచ్చు నున్నటి టైల్స్ అయితే కింద జారకుండా రబ్బరు జాలీ కొనండి, అది లేకపోతే మాత్రం ఇవ్వకండి. ఇంట్లో ముసలివాళ్లు ఉంటే మరీను.

4. టైముంటే బొంత కుట్టించండి

నా దృష్టిలో దీన్ని మించిన గిఫ్ట్ లేదు. డబ్బు తక్కువ, ఆలోచన ఎక్కువ పడుతుంది. పాత నూలు చీరలతో కుట్టిన బొంత ఏసీ గదిలో రాత్రంతా కప్పుకున్నా చెమట పట్టదు, ఎండాకాలం మేడ మీద కింద పరుచుకున్నా బాగుంటుంది. ఆన్‌లైన్‌లో మూడు పొరల దోహర్ అని అమ్మేదానికి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న చుట్టమే ఇది.

లెక్క ఇలా వేసుకోండి. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, పన్నా 45 అంగుళాలు. మధ్యకి కత్తిరించి రెండు ముక్కల్నీ పక్కపక్కన కలిపి కుడితే రెండు ముప్పావు మీటర్ల పొడవు, 90 అంగుళాల వెడల్పు వస్తుంది. అది డబుల్ బొంతకి ఒక పొర. పైకి ఒకటి, అడుక్కి ఒకటి, లోపలికి ఒకటో రెండో. ఏసీకి, ఫ్యానుకి మూడు చీరలు చాలు. నాలుగు వేస్తే బరువు రెండు కిలోల దాకా వస్తుంది, కొందరికి ఆ బరువే నిద్ర పట్టిస్తుంది. ఒక్కళ్లకే అయితే చీరని సగానికి కత్తిరించి ఒకదాని మీద ఒకటి వేస్తే ఒక్క చీరలోనే రెండు పొరలు.

చీరలు ఏరేటప్పుడు అన్నీ నూలువే ఉండాలి. ఒక సిల్కు, ఒక పాలిస్టర్ కలిస్తే ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుని ఇంకోటి ముడుచుకోక బొంత గుంటలు పడుతుంది. ప్రతి చీరనీ కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. కుచ్చిళ్లు, కొంగు దగ్గర పలచబడి ఉంటాయి. రెండు చేతులా పట్టి మెల్లగా లాగండి. పరపరమంటే అది పనికిరాదు, కొంచెం పలచన మాత్రమే అయితే లోపలి పొరకి పెట్టండి. జరీ అంచు విప్పించేయండి, ఒంటికి గీసుకుంటుంది. అన్నిటినీ ఒకసారి గంజి లేకుండా ఉతికి ఆరేశాకే కుట్టడానికి ఇవ్వాలి.

పల్లెల్లో బొంతలు కుట్టే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. పట్నంలో అయితే దిండు గలీబులు, కర్టెన్లు కుట్టే దర్జీని అడగండి. చేతికుట్టు మెత్తగా ఉంటుంది, మిషను కుట్టు గట్టిగా, తొందరగా అవుతుంది. ఎవరు కుట్టినా ఈ రెండూ చెప్పండి: ముందు మధ్యలోంచి అంచుల వైపు పెద్ద పెద్ద కుట్లు వేసి పొరల్ని కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే చివరికి ఒక మూల చీర మిగిలిపోయి మడతలు పడుతుంది. అసలు కుట్టు వరసల మధ్య రెండు వేళ్ల ఎడం కన్నా ఎక్కువ ఉండకూడదు, ఎడం ఎక్కువైతే ఉతికినప్పుడు లోపలి పొర ఉండ కడుతుంది. చేతికుట్టుకి రెండు మూడు వారాలైనా పడుతుంది కాబట్టి సంక్రాంతి వెళ్లగానే ఇచ్చేయండి.

ఇక ఎవరి చీరలు? ఇక్కడే జాగ్రత్త. "ఇది కట్టడం లేదుగా" అని మీకు అనిపించిన చీర ఆవిడకి అలా అనిపించకపోవచ్చు. బీరువాలోంచి చెప్పకుండా తీసి కత్తెర వేస్తే 14వ తేదీ చాలా కాలం గుర్తుండిపోతుంది, మీరనుకున్నట్టు కాదు. వాళ్లమ్మగారికి ఫోన్ చెయ్యండి. "అత్తయ్యా, మీ పాత నూలు చీరలు ఓ రెండు ఇస్తారా, బొంత కుట్టిస్తాను, తనకి చెప్పకండి" అంటే కాదనే అత్తగారు ఉండరు, పైగా మీ పరపతి పెరుగుతుంది. అమ్మ చీరలు పై పొరకి వేయించండి. భర్తకి ఇచ్చేదైతే వాళ్ల నాన్నగారి పంచెలు, నూలు లుంగీలు, చిన్న గళ్ల చొక్కాలు కూడా పనికొస్తాయి. పోయినవాళ్ల బట్టలు వాడుకోవడం కొన్ని ఇళ్లలో పట్టింపు, కొన్ని ఇళ్లలో అదే పెద్ద జ్ఞాపకం. ఏ ఇల్లు ఎలాంటిదో కనుక్కుని చెయ్యండి.

5. వెలుతురు మార్చండి

మన ఇళ్లలో పడకగదిలో కూడా తెల్లటి ట్యూబ్‌లైటే. బల్బు డబ్బా మీద 6500K అనో, కూల్ డేలైట్ అనో ఉంటుంది. చదువుకోడానికి, కూర తరగడానికి అది బాగానే ఉంటుంది. రాత్రి తొమ్మిది తర్వాత అదే వెలుతురులో కూర్చుంటే బస్టాండులో కూర్చున్నట్టుంటుంది. 2700K లేదా 3000K, వార్మ్ వైట్ అని రాసి ఉన్న చిన్న ఎల్‌ఈడీ బల్బు వేసి చూడండి. గోడల రంగు మారిపోయినట్టుంటుంది. మంచం పక్కన దీపానికి 3 నుంచి 5 వాట్లు చాలు. బల్బు ఖరీదు రెండొందల లోపే. దీన్ని మించిన చవక గిఫ్ట్ నాకు తెలియదు. కొనేముందు హోల్డరు చూసుకోండి, పిన్నులదా, మరదా అని.

బల్బు ఒక్కటే ఇస్తే బాగోదు అనుకుంటే దాని మీదకి తోలుబొమ్మల లాంప్‌షేడ్ తీసుకోండి. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో వీటిని చేస్తారు. తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలు, ఆటలు తగ్గిపోయాక అదే మేక తోలు మీద అదే రంగులతో దీపాల కవర్లు చెయ్యడం మొదలుపెట్టాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. పలచగా చేసిన తోలు మీద ఉలితో చిన్న చిన్న చిల్లులు కొడతారు. దీపం వెయ్యనప్పుడు అవి కనపడవు. వేశాక నెమలి మెడ, చెట్టు కొమ్మ, నగల అంచు చుక్కలు చుక్కలుగా వెలుగుతాయి, ఆ మచ్చలు గోడ మీద కూడా పడతాయి.

ఎంచుకునేటప్పుడు షాపువాణ్ని దీపం వేసి చూపించమనండి. చిల్లులు లేకుండా పైన రంగు మాత్రమే పూసినది అయితే వెలుతురులో మొద్దుగా కనిపిస్తుంది. పడకగదికి చెట్లు, చిలకలు, నెమళ్లు ఉన్నవి తీసుకోండి. పదితలల రావణుడు హాల్లో అయితే ఠీవిగా ఉంటాడు, అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు మాత్రం వద్దు. లోపల పాత రకం ఫిలమెంటు బల్బు పెట్టకూడదు, ఆ వేడికి తోలు ముడుచుకుపోతుంది. తడిగుడ్డతో తుడవకూడదు, పొడి గుడ్డే. కిటికీ పక్కన జల్లు పడే చోట పెట్టొద్దని ఇచ్చేటప్పుడే చెప్పండి.

6. చిన్న బడ్జెట్‌లో మరికొన్ని

పొద్దున కాఫీ అరగంట వాళ్లదైతే ఇద్దరికి సరిపడే చిన్న ఫిల్టరు, రెండు గ్లాసులు, ఒక పొట్లం అరకు కాఫీ. అరకు లోయ అరబికాకి 2019లో జీఐ వచ్చింది. మొదటిసారి ఫిల్టర్ కాఫీ తాగేవాళ్లకైతే కొంచెం చికోరీ కలిసినది ఇవ్వండి, పాలలో రుచి నిలుస్తుంది. ఇత్తడి ఫిల్టరు కొంటే లోపల కళాయి పూత ఉందో లేదో చూడండి.

బల్ల మీదకి, అద్దం ముందుకి అయితే ఏటికొప్పాక లక్క సామాను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. ఉంగరాలకి, చెవిదిద్దులకి మూత ఉన్న చిన్న భరిణ ఇస్తే రోజూ రాత్రి తియ్యక, పొద్దున వెయ్యక తప్పదు. వేడితో అంటిన లక్క వేడికే మెత్తబడుతుంది, దాని మీద టీ గ్లాసు పెట్టకూడదు.

గులాబీల గుత్తికి పెట్టే డబ్బుతో మల్లె మొక్క వస్తుంది. ఆ వారం గులాబీ రేటు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, మూడు రోజుల్లో వాడిపోతుంది కూడా. కొమ్మలు కత్తిరించాక కొత్త చిగుళ్లు వేస్తున్న మల్లె మొక్కని ఫిబ్రవరిలో తెస్తే మార్చి నుంచి మొగ్గలు మొదలవుతాయి. కడియం నర్సరీల దాకా వెళ్లక్కర్లేదు, అక్కడి మొక్కలే మీ ఊరి నర్సరీకి వస్తుంటాయి. 12 అంగుళాల కుండీ, రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి. ఎండ పడని బాల్కనీకి మల్లె వద్దు, ఆకులు మాత్రం పచ్చగా పెరిగి పూలు పుయ్యక ఇద్దరికీ నిరాశ.

7. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?

ప్రేమికుల రోజు మన పాత పండగ కాదు. టీవీ చానళ్లు, గ్రీటింగ్ కార్డుల షాపులు వచ్చాక 90లలో అలవాటైంది. అందుకే అత్తమామలతో కలిసి ఉండే ఇళ్లలో ఈ గిఫ్టులంటే కొంత మొహమాటం. గుండె ఆకారపు ఎర్ర దిండు హాల్లో సోఫా మీద పెట్టలేరు, బీరువాలో దాచాలి. అదే నెమలి లాంప్‌షేడ్, పోచంపల్లి దుప్పటి, కాఫీ ఫిల్టరు అయితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. "ఎందుకమ్మా ఇప్పుడు దుప్పటి?" అని అత్తగారు అడిగితే "ఎగ్జిబిషన్‌లో బాగుంటే తీసుకున్నామండీ" అంటే సరిపోతుంది. ఎందుకో తెలిసిన ఇద్దరికి తెలుసు. కాఫీ గ్లాసులు మాత్రం రెండే కొనకండి, నాలుగు కొనండి.

అద్దె ఇల్లయితే గోడకి మేకు కొట్టాల్సినవి వద్దు. ఓనర్‌తో గొడవ గిఫ్ట్‌లో భాగం కాకూడదు. హాస్టల్లో, పీజీలో ఉండేవాళ్లకి మంచం ఒక్కటే ఇల్లు, కాబట్టి సింగిల్ బొంత, మంచి దిండు గలీబు, క్లిప్‌తో బిగించే చిన్న వార్మ్ లైటు చాలు. పెళ్లి కాని జంటలైతే ఇంకొక సంగతి ఆలోచించండి: ఆ వస్తువు వాళ్లింటికి వెళ్తే "ఎవరిచ్చారు?" అనే ప్రశ్న వస్తుందా? వస్తే కాఫీ పొట్లం, మొక్క లాంటివి పెద్దగా అనుమానం రానివ్వవు. డబుల్ దుప్పటి రానిస్తుంది.

కర్చీఫ్ ఇస్తే విడిపోతారని, చాకులు, కత్తెర్లు ఇవ్వకూడదని, నలుపు మంచిది కాదని, శనివారం ఇనప సామాను కొనకూడదని చాలా ఇళ్లలో అంటారు. మీకు నమ్మకం లేకపోయినా ఇవ్వబోయే ఇంట్లో ఉంటే లెక్కలోకి తీసుకోవాల్సిందే. 14 శనివారం పడిన ఏడు దోశ పెనం శుక్రవారమే తెచ్చుకోండి.

8. ఎక్కడ, ఎప్పుడు కొనాలి

హైదరాబాద్‌లో మాదాపూర్ శిల్పారామం, గోల్కొండ హస్తకళల షాపులు, ఆంధ్రాలో లేపాక్షి షాపులు, దుప్పట్లకి ఆప్కో, టెస్కో షోరూములు. ఇవన్నీ చేత్తో పట్టి చూసి కొనే చోట్లు. పోచంపల్లి హైదరాబాద్‌కి 50 కిలోమీటర్ల లోపే, ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్లి మగ్గం చూసి అక్కడే ఏరుకుని తెచ్చుకున్నా గిఫ్టే. సర్‌ప్రైజ్ పోతుందనుకుంటారేమో, కానీ దుప్పటి రంగు విషయంలో సర్‌ప్రైజ్ కన్నా ఇద్దరికీ నచ్చడం ముఖ్యం.

ఆన్‌లైన్‌లో అయితే ఫిబ్రవరి 5 లోపు చేతికొచ్చేలా ఆర్డర్ పెట్టండి. ఆ వారం కొరియర్లు ఆలస్యం అవుతుంటాయి, పైగా చేతిపనిలో ఫొటోలో ఉన్న రంగు, వచ్చిన రంగు ఒకటి కాకపోవచ్చు, మార్చుకోడానికి టైము ఉండాలి. "హ్యాండ్‌లూమ్ లుక్", "ఇకత్ ప్రింట్" అని రాసి ఉంటే అది చేనేత కాదు. కొలతలు అంగుళాల్లో రాయని దుప్పటి కొనకండి. పార్శిల్ వాళ్ల ఇంటికి కాకుండా మీ ఆఫీసుకో, స్నేహితుడి ఇంటికో తెప్పించుకోండి, లేకపోతే డెలివరీ బాయ్ తలుపు తట్టగానే రహస్యం అయిపోయింది.

9. ఒకరక్కడ, ఒకరిక్కడ ఉంటే

ఇక్కడి నుంచి అమెరికా పంపేటప్పుడు కరెంటు గుర్తుంచుకోండి. మనది 230 వోల్టులు, వాళ్లది 120. ప్లగ్గు వేరు, బల్బు హోల్డరు వేరు. లాంప్‌షేడ్ ఒక్కటే పంపి స్టాండు, బల్బు అక్కడే కొనుక్కోమనండి. మొక్కలు, విత్తనాలు అనుమతి లేకుండా పంపకూడదు. అక్కడి కింగ్ పరుపు 76 × 80 అంగుళాలు, మందం 12, 14 అంగుళాలు కూడా ఉంటుంది. మన 108 × 108 దుప్పటి పైన కప్పడానికి సరిపోతుంది, కిందకి దోపడానికి చాలదు. బొంత మాత్రం ఏ సైజు మంచానికైనా కప్పుకోడానికి పనికొస్తుంది. అక్కడ ఫిబ్రవరిలో చలి ఎక్కువ కాబట్టి నాలుగో చీర వేయించండి. బొంత సూట్‌కేసులో బాగా చోటు తింటుంది, వాక్యూమ్ సంచిలో పెట్టి గాలి తీసేస్తే సగానికి అణుగుతుంది. ఎవరైనా వెళ్తుంటే వాళ్ల చేత పంపడమే నయం, కొరియర్‌కి బరువు చొప్పున తీసుకుంటారు.

ఇచ్చేముందు ధర స్టిక్కర్ తీసేసి, బిల్లు మాత్రం మీ దగ్గర ఉంచుకోండి. దుప్పటి అయితే ఒకసారి ఉతికి, ఆరేసి, మడిచి ఇస్తే కొత్త గంజి వాసన ఉండదు, ఆ రాత్రే పరుచుకోవచ్చు. అలా చేస్తే షాపువాళ్లు వెనక్కి తీసుకోరు, కాబట్టి కొలత సరిపోయిందని తేలాకే నీళ్లలో పెట్టండి.